మూడువేల పేర్లలో మీ పని ఏది?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. ప్రయోగాత్మక కణ భౌతికంలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. లెక్కలు బాగానే వస్తాయి, ప్రోగ్రామింగ్ కొద్దిగా తెలుసు, ల్యాబ్ అనుభవం మాత్రం తక్కువ. ఈ రంగంలో ఒక్కో పేపర్ మీద వేల పేర్లుంటాయి కదా, అందులో నేను చేసింది ఎవరికి కనిపిస్తుంది? హార్డ్‌వేర్ వైపు వెళ్లాలా, డేటా విశ్లేషణ వైపా? ఉద్యోగం ఎప్పటికి స్థిరపడుతుంది? అసలు ఈ పనికి నేను సరిపోతానో లేదో చేరకముందే తెలుసుకునే దారి ఉందా?

సమాధానం: మీ చివరి ప్రశ్ననే ముందు తీసుకుందాం, ఎందుకంటే దానికి జవాబు మీ చేతిలోనే ఉంది. ఒక కంప్యూటరూ, మూడు వారాల సాయంత్రాలూ చాలు.

జెనీవా దగ్గరున్న కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ తన ప్రయోగాల డేటాలో కొంత భాగాన్ని 2014 నుంచి ఓపెన్ డేటా పోర్టల్‌లో అందరికీ అందుబాటులో పెడుతోంది. అందులో సీఎంఎస్ అనే డిటెక్టర్ నమోదు చేసిన ఈవెంట్లలో, అంటే కణాల ఢీల రికార్డుల్లో, రెండు మ్యువాన్లున్నవి (ఎలక్ట్రాన్ లాంటివే, కానీ ఇంకా బరువైన కణాలు) దింపుకోండి. ఒకటి ధనావేశం, ఒకటి రుణావేశం ఉన్న జంటల్నే ఉంచండి. రెండింటి శక్తులు కూడి వర్గం చేయండి, అందులోంచి వాటి మొమెంటంల సదిశ మొత్తం వర్గాన్ని తీసేయండి, మిగిలినదానికి వర్గమూలం కట్టండి. ఆ జంట ఒకే కణం నుంచి పుట్టి ఉంటే, ఆ కణం ద్రవ్యరాశి అది. లక్షల ఈవెంట్లకు ఇదే లెక్క కట్టి హిస్టోగ్రామ్ గీయండి. రెండు అక్షాలూ లాగరిథమ్ స్కేలులోనే ఉంచండి, లేకపోతే చిన్న శిఖరాలు కంటికి ఆనవు. 3.1 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర జే-సై, 9.5 దగ్గర ఉప్సిలాన్, 91 దగ్గర జెడ్ బోసాన్ అనే కణాల శిఖరాలు కనిపిస్తాయి. ఇకపై ఆ ప్రమాణాన్ని జీఈవీ అనే పిలుద్దాం, అందులో వెయ్యోవంతు ఎంఈవీ.

ఇక్కడిదాకా ఎవరైనా వస్తారు, అసలు పరీక్ష ఆ తర్వాత ఉంది. జే-సైకి సహజంగా ఉన్న వెడల్పు ఒక ఎంఈవీలో పదోవంతు కూడా ఉండదు. మీ గ్రాఫ్‌లో మాత్రం ఆ శిఖరం పదుల ఎంఈవీల మేర పరుచుకుని ఉంటుంది. మీకు కనిపిస్తున్నదంతా డిటెక్టర్ కొలతలోని మసకే, కణానిది అందులో లెక్కలోకి రాదు. జెడ్ దగ్గర కథ వేరు. దాని సహజ వెడల్పే 2.5 జీఈవీ, డిటెక్టర్ మసక దాంట్లో కలిసిపోయి ఉంటుంది, రెండింటినీ విడదీయాలి. గంట ఆకారపు ఒక్క గౌసియన్ వక్రంతో ఫిట్ చేసి చూడండి, ఎడమవైపు ఒక తోక మిగిలిపోతుంది. పుట్టగానే ఒక ఫోటాన్‌ను వదిలేసి కొంత శక్తి పోగొట్టుకున్న మ్యువాన్లు ఉన్న ఈవెంట్లు అక్కడికి జారతాయి. ఇప్పుడు ఒకే ఆవేశం ఉన్న జంటలతో అదే హిస్టోగ్రామ్ మళ్లీ గీయండి. శిఖరాలు మాయం కావాలి. కాకపోతే మీ ప్రోగ్రామ్‌లో తప్పుంది.

జే-సై శిఖరం 3.097 దగ్గర రావలసింది 3.090 దగ్గర వచ్చిందనుకుందాం. ఆ ఏడు ఎంఈవీలు ఎక్కడికి పోయాయి? మ్యువాన్ దారిలో ఉన్న పదార్థంలో పోయిన శక్తిని సరిగా లెక్కించకపోతే, తక్కువ మొమెంటం ఉన్న మ్యువాన్లలో తేడా ఎక్కువగా కనిపిస్తుంది. అయస్కాంత క్షేత్రం విలువ తప్పితే అన్నిటిలోనూ ఒకే శాతం తేడా వస్తుంది. సెన్సర్లు తామున్నామని మనం అనుకున్నచోట లేకపోతే, దిశను బట్టీ ఆవేశాన్ని బట్టీ తేడా మారుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌కు, అంటే శిఖరం కింద పరుచుకుని ఉండే సంబంధం లేని జంటలకు, మీరు ఎంచుకున్న వక్రం తప్పయితే, ఫిట్ చేసే పరిధిని మార్చినప్పుడల్లా శిఖరం కదులుతుంది. ఈవెంట్లను మొమెంటం వారీగా, దిశ వారీగా విడగొట్టి గీసి చూస్తే దోషి ఎవరో తేలుతుంది. ఈ ఏడు ఎంఈవీల వెనక వారం రోజులు తిరగడం విసుగనిపిస్తే సిద్ధాంతం వైపు వెళ్లండి, అది చిన్నతనమేమీ కాదు. ఆ తేడా మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే ఈ రంగం మీదే. పీహెచ్‌డీలో ఐదేళ్లపాటు చేసేది ఇంచుమించు ఇదే.

ల్యాబ్ అనుభవం తక్కువన్నారు. మీ విభాగంలో ఎక్కడో ఒకచోట, కణం దాటితే మెరిసే సింటిలేటర్ పలకలూ ఆ మెరుపును విద్యుత్ సిగ్నల్‌గా మార్చే ఫోటోమల్టిప్లయర్లూ మూలన పడి ఉంటాయి. మూడు పలకలు అడిగి తీసుకోండి. సముద్రమట్టం దగ్గర కాస్మిక్ మ్యువాన్లు చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి చొప్పున పడతాయి. 10 సెంటీమీటర్ల చదరపు పలకకు నిమిషానికి వంద, అంటే సెకనుకు ఒకటిన్నరకు పైగా. ముందు కాంతి లోపలికి దూరకుండా నల్ల టేపు చుట్టండి. గదిలో దీపం వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి లెక్కించండి, సంఖ్య మారితే ఎక్కడో కన్నం ఉన్నట్టే. ఆ తర్వాత వోల్టేజిని 50 వోల్టుల చొప్పున పెంచుతూ, రెండు పలకల్లో ఒకేసారి వచ్చిన సిగ్నళ్లను ఒక్కో మెట్టు మీద ఐదు నిమిషాలు లెక్కపెట్టండి. గ్రాఫ్ మొదట వేగంగా ఎక్కి తర్వాత చదునవుతుంది. చదును మొదలైన చోటు నుంచి ఒక మెట్టు పైన పనిచేయించండి. ఇంకా పైకి వెళ్తే అదనంగా వచ్చేదంతా శబ్దమే, అంటే ఏ కణమూ దాటకుండానే పుట్టే ఉత్తుత్తి సిగ్నళ్లే.

శబ్దం ఎందుకంత ప్రమాదమో లెక్క వేసుకోండి. సంబంధం లేని రెండు సిగ్నళ్లు యాదృచ్ఛికంగా ఒకే సమయంలో రావడం, రెండు పలకల రేట్ల లబ్ధాన్నీ సిగ్నల్ నిడివినీ గుణించి రెట్టింపు చేసినంత ఉంటుంది. ఒక్కో పలకలో సెకనుకు 1,000 సిగ్నళ్లు, నిడివి 50 నానోసెకన్లు అయితే సెకనుకు 0.1. అసలు మ్యువాన్లలో ఆరు శాతం, ఓర్చుకోవచ్చు. శబ్దం 5,000కు పెరిగిందా, యాదృచ్ఛికాలు సెకనుకు 2.5 అవుతాయి, మ్యువాన్లకంటే ఎక్కువ! శబ్దం ఐదింతలైతే చెత్త ఇరవై ఐదింతలవుతుంది. సామర్థ్యం కొలవాలంటే పరీక్షించే పలకను మధ్యలో పెట్టి, పైదీ కిందిదీ మోగినప్పుడు మధ్యది ఎన్నిసార్లు మోగిందో చూడాలి. 10,000లో 9,500 వస్తే 95 శాతం, దోషం (కొలతలోని అనిశ్చితి) 0.2 శాతం చుట్టూ. మధ్య పలక పైదానికంటే, కిందిదానికంటే కాస్త పెద్దదిగా ఉండాలి. లేకపోతే అంచుల్లోంచి తప్పించుకున్న మ్యువాన్లను పలక లోపంగా లెక్కేస్తారు. కొత్తగా చేసేవారిలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఇప్పుడు పేర్ల సంగతి. మీ అనుమానం నిజమే, అది చిన్నదేమీ కాదు. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద సెర్న్‌లోని రెండు పెద్ద ప్రయోగాలు అట్లాస్, సీఎంఎస్ కలిసి 2015లో ప్రచురించిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ సంస్థల జాబితాలే. పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి ఎవరు ఎంత చేశారో బయటివారికి తెలిసే వీల్లేదు. కాబట్టి ప్రచురించిన పేపర్ల సంఖ్య చూపించి మీ గురించి చెప్పుకోవాలనుకోకండి, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఈ రంగంలో చెల్లదు. ఉద్యోగమిచ్చే కమిటీలో ఉన్నవారూ అలాంటి జాబితాల్లో ఉన్నవారే, వాటి విలువెంతో వారికి బాగా తెలుసు. వారు అడిగేది ఒక్కటే: ఫలానా భాగం పాడైతే ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ జవాబుగా మీ పేరు రావాలి. పీహెచ్‌డీ మొత్తంలో సాధించవలసింది అదే, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

అలాంటి ఒక పని చేతికి చిక్కే మొదటి అవకాశం రచయితల జాబితాలో చేరే దశలోనే వస్తుంది. అట్లాస్‌లో అందుకోసం దాదాపు ఏడాదిపాటు ప్రయోగానికంతటికీ పనికొచ్చే సాంకేతిక పని ఒకటి చేసి చూపాలి. ఏ ఈవెంట్లను దాచాలో అప్పటికప్పుడు తేల్చే ట్రిగ్గర్‌లో ఒక భాగాన్ని మెరుగుపరచడమో, జెట్ల (ఒకే దిశలో దూసుకొచ్చే కణాల గుంపుల) శక్తి కాలిబ్రేషనో, సెన్సర్ల పరీక్షో ఏదైనా కావచ్చు. చాలామంది విద్యార్థులు దీన్ని సుంకం కట్టినట్టు కట్టేసి ‘అసలు ఫిజిక్స్’ వైపు పరుగెత్తుతారు. అది పెద్ద పొరపాటు. ఒక కాలిబ్రేషన్‌ను మొదటినుంచి చివరిదాకా మీరే చేసి, పత్రం రాసి, తర్వాతి ఏడాది దాన్ని వాడుకునేవారి ప్రశ్నలకు జవాబు చెబితే, వందల విశ్లేషణల్లో మీ చేయి ఉంటుంది. మీకు సిఫారసు లేఖ రాయవలసిన గ్రూపు కన్వీనర్లు మిమ్మల్ని గుర్తుపట్టేది అక్కడే. బయటికి రాని అంతర్గత నోట్లలో రచయితలు నలుగురైదుగురే ఉంటారు, వాటి జాబితాను మొదటిరోజు నుంచీ దాచుకోండి. ఏ గ్రాఫ్ మీరు గీశారు, ఏ దోషాంచనా మీది అన్నది తేదీతో రాసి పెట్టుకోండి. మూడేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో ఆ పుస్తకమే ఆదుకుంటుంది.

హార్డ్‌వేరా, విశ్లేషణా అన్నది మీ ఇష్టం మీద ఎంత ఆధారపడుతుందో యంత్రం క్యాలెండర్ మీదా అంతే ఆధారపడుతుంది. గైడును ఎంచుకునేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఇది: నా పీహెచ్‌డీ నడిచే ఏళ్లలో మీ ప్రయోగం డేటా తీసుకుంటుందా, విప్పి కట్టుకుంటుందా? అట్లాస్, సీఎంఎస్‌లు పనిచేసే సెర్న్ కణ త్వరణ యంత్రం ఎల్‌హెచ్‌సీనే చూడండి. 27 కిలోమీటర్ల ఈ వలయం మూడో విడత పరుగును 2022లో 13.6 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తితో మొదలుపెట్టింది. ప్రణాళిక ప్రకారం 2026లో దీర్ఘ విరామం, 2030లో ఎన్నో రెట్ల తీవ్రతతో మళ్లీ ఆరంభం. మూడో విడతలో ప్రోటాన్ల కట్టలు ఒకదాన్నొకటి దాటిన ప్రతిసారీ సుమారు 60 ఢీలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే, అప్పుడు 200 దాకా పడతాయి. ఆ గుంపులో ఏ ట్రాక్ ఏ ఢీకి చెందుతుందో తేల్చడానికి సెకనులో లక్ష కోట్లవ వంతులు 30 మాత్రమే తేడాగా కాలాన్ని కొలిచే డిటెక్టర్లు కావాలి. అట్లాస్ లోపల కణాల దారులు గుర్తించే ట్రాకర్ మొత్తం మారుతోంది. సీఎంఎస్ రెండు చివరలా అమర్చే, కణాల శక్తిని కొలిచే కొత్త కెలోరీమీటర్‌కు దాదాపు 600 చదరపు మీటర్ల సిలికాన్ కావాలి. ఈ విరామంలో చేరేవారికి చేతిపని పుష్కలం, కొత్త డేటా మాత్రం ఉండదు. ఇప్పటికే నిల్వ ఉన్న డేటాతో థీసిస్ రాస్తూ సగం సమయం డిటెక్టర్ తయారీకి ఇచ్చే ఏర్పాటు అడగండి. రెండు చేతులూ ఉన్న విద్యార్థికి తర్వాత గిరాకీ ఎక్కువ.

చేతిపని అంటే ఏమిటో ఒక్క ఉదాహరణ. సిలికాన్ సెన్సర్ నుంచి దాని చిప్‌కు 25 మైక్రాన్ల మందం ఉన్న అల్యూమినియం తీగలను అల్ట్రాసోనిక్ యంత్రంతో అతికిస్తారు. తాకే చోట వేలిముద్ర జిడ్డు ఉన్నా తీగ పట్టుకోదు, అందుకే నమూనా తీగల్ని లాగి ఎంత బలానికి తెగాయో రాసుకుంటారు. ఆపై సెన్సర్‌కు రివర్స్ వోల్టేజిని 10 వోల్టుల చొప్పున పెంచుతూ లీకేజి కరెంటు చూస్తారు. ఈ కరెంటు సుమారు ప్రతి 7 డిగ్రీల సెల్సియస్‌కూ రెట్టింపవుతుంది. పక్కన ఉష్ణోగ్రత రాయని కొలత చిత్తుకాగితమే. పెట్టెలోకి కాంతి దూరినా కరెంటు పెరుగుతుంది, పాడైపోయిన సెన్సర్ అనుకుని మంచిదాన్ని పక్కన పడేస్తారు. చల్లబరిచే ముందు పొడిగాలి నింపాలి. పరీక్ష అయ్యాక వెచ్చబడేదాకా ఆగి అప్పుడే మూత తీయాలి. తొందరపడితే తేమ మంచులా పేరుకుని తీగలు షార్టవుతాయి, నెలల పని ఒక్క నిమిషంలో పోతుంది.

చిన్న భాగం ఎంత నష్టం తెస్తుందో జపాన్‌లోని న్యూట్రినో ప్రయోగం సూపర్-కామియోకాండే చూసింది. 50,000 టన్నుల నీటి తొట్టిలో 11,000కు పైగా ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు ఉండేవి. 2001 నవంబరులో తొట్టిని తిరిగి నింపుతుండగా అడుగున ఒక గొట్టం పగిలింది. ఆ ఆఘాత తరంగానికి పక్కవీ, వాటి పక్కవీ వరుసగా పగిలి 6,000కు పైగా పోయాయి. ఆ తర్వాత ప్రతి గొట్టానికీ ముందువైపు అక్రిలిక్, వెనకవైపు ఫైబర్‌గ్లాస్ కవచం తొడిగారు. ఒకటి పగిలినా తరంగం బయటికి పాకకూడదన్నదే ఆ కవచం ఉద్దేశం.

విశ్లేషణలో ప్రమాదం ఇంకో రకం. అక్కడ పగిలేది మన నిజాయితీ, అదీ చప్పుడు లేకుండా. కావాలనుకున్న జవాబు వచ్చేదాకా తప్పులు వెతికి, అది రాగానే వెతకడం ఆపేస్తాం. అందుకే సిగ్నల్ ఉండే చోటును మూసి ఉంచి, కట్‌లూ (ఈవెంట్లను ఏరే షరతులూ) బ్యాక్‌గ్రౌండూ దోషాంచనలూ అన్నీ ఖరారయ్యాకే తెరుస్తారు. మ్యువాన్ అయస్కాంత గుణాన్ని కొలిచే, అమెరికాలోని ఫెర్మీల్యాబ్ మ్యువాన్ జీ-మైనస్-2 ప్రయోగంలో కొలత గడియారం ఫ్రీక్వెన్సీనే కొద్దిగా జరిపి, ఆ అసలు సంఖ్యను బృందానికి బయటి ఇద్దరి దగ్గర దాచారు. 2021లో మొదటి ఫలితం సిద్ధమయ్యాకే కవరు విప్పారు. 2015 డిసెంబరులో అట్లాస్, సీఎంఎస్ రెండింటిలోనూ రెండు ఫోటాన్ల ఈవెంట్లలో 750 జీఈవీ దగ్గర చిన్న ఉబ్బు కనిపించింది. సిద్ధాంతకారులు వందల పేపర్లు రాశారు. 2016 ఆగస్టుకల్లా కొత్త డేటాలో అది కరిగిపోయింది. అందులో ఎవరి తప్పూ లేదు. వంద చోట్ల వెతికితే నూటికోసారి జరిగేది ఎక్కడో ఒకచోట జరిగే అవకాశమే ఎక్కువ. కనుగొన్నామని చెప్పడానికి ఐదు సిగ్మా (ఐదు ప్రామాణిక విచలనాలు) అడిగేది అందుకే, అంటే యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 35 లక్షల్లో ఒకటి. ఐదు సిగ్మా కూడా వదులుగా ఉన్న కేబుల్‌ను పట్టుకోలేదు. 2011లో ఇటలీలోని ఒపెరా ప్రయోగంలో, సెర్న్ నుంచి పంపిన న్యూట్రినోలు 730 కిలోమీటర్లకు కాంతికంటే 60 నానోసెకన్లు ముందే వచ్చినట్టు తేలింది. గణాంకాల్లో లోపం లేదు, సరిగా బిగించని ఒక ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్‌లో ఉంది.

మీ స్థాయిలో దీనికి ఒక సాధన ఉంది. ఫిట్ రాయగానే కంప్యూటర్‌లోనే పదివేల కల్పిత ప్రయోగాలు సృష్టించి ప్రతిదానికీ ఆ ఫిట్ నడపండి. వచ్చిన విలువ నుంచి అసలు విలువ తీసేసి, ఫిట్ చెప్పిన దోషంతో భాగించండి. ఆ పదివేల అంకెల సగటు సున్నా, వెడల్పు ఒకటి రావాలి. వెడల్పు 1.2 వస్తే మీ దోషాలు తక్కువ చెబుతున్నారు. సగటు పక్కకు జరిగితే మీ పద్ధతే ఒకవైపు మొగ్గుతోంది. ఈ గ్రాఫ్ లేకుండా సమావేశానికి వెళ్లకండి, మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. ఇలాంటి అంతర్గత సమీక్షలు నెలల తరబడి సాగుతాయి. చివర్లో పేపర్ మొత్తం బృందానికి తిరిగితే వ్యాఖ్యలు వస్తూనే ఉంటాయి, ఒక్కోదానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఓపికతో, కోపం లేకుండా జవాబిచ్చేవారి పేరు అందరికీ గుర్తుంటుంది.

కంట్రోల్ రూమ్ షిఫ్టుల గురించి ఒక మాట. ఎనిమిది గంటల షిఫ్టులో ఏదైనా అలారం మోగితే రీసెట్ నొక్కే ముందు లాగ్‌లో రాయండి: సమయం, రన్ నంబరు, తెర మీద ఏం కనిపించింది, మీరు ఏం చేశారు. రీసెట్ చేశాక ఆధారం మిగలదు.

ఉద్యోగం విషయంలో దాచేదేమీ లేదు. పీహెచ్‌డీ నాలుగు నుంచి ఆరేళ్లు. ఆ తర్వాత రెండు మూడేళ్ల చొప్పున పోస్ట్‌డాక్‌లు (తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), సాధారణంగా ఒకటికంటే ఎక్కువ, తరచుగా వేర్వేరు దేశాల్లో. శాశ్వత ఉద్యోగం దొరికేసరికి ముప్ఫైల మధ్యకో చివరికో వస్తారు, అందరికీ దొరకదు కూడా. పెళ్లి, పిల్లలు, వయసు మళ్లిన అమ్మానాన్నలు అన్నీ ఈ ఏళ్లలోనే పడతాయి. ఇంట్లోవాళ్లతో ఈ లెక్క ముందే విప్పి మాట్లాడండి. మొదటి పోస్ట్‌డాక్ రెండో ఏడాదిలో ఒక గడువు పెట్టుకోవడం మంచిది: ఫలానా సంవత్సరానికి ఫలానా స్థాయికి రాకపోతే వేరే దారి చూస్తాను అని. దారులు ఉన్నాయి. వైద్య చిత్రణ యంత్రాలు, ఎలక్ట్రానిక్స్, డేటా సైన్స్, వాతావరణ గణన రంగాల్లో కణ భౌతికం నుంచి వెళ్లినవారు ఉన్నారు. ఆ రోజు కోసం సీ ప్లస్ ప్లస్, పైథాన్, గిట్ వంటివి ల్యాబ్ బయట కూడా చెల్లే స్థాయిలో నేర్చుకోండి, కణ భౌతికంలో వాడే రూట్ లైబ్రరీ తెలిస్తే చాలనుకోకండి.

గైడుకు రాసే ఉత్తరం విషయానికి వస్తే, ‘నాకు చిన్నప్పటినుంచీ విశ్వమంటే ఇష్టం’ అని మొదలుపెట్టకండి. వారి ఈమధ్య పేపర్‌లో ఒక గ్రాఫ్ ఎంచుకుని, అందులో మీకు అర్థంకాని ఒక విషయం అడగండి. పైన చెప్పిన మ్యువాన్ జంటల గ్రాఫూ, దాని కోడూ జతచేయండి. కింద నాలుగు వాక్యాలు: శిఖరం ఎక్కడ వచ్చింది, ఎంత దోషంతో, ఏమేం పరీక్షించారు, ఇంకా ఏది సరిపోలడం లేదు. ఆ చివరి వాక్యం తీసేయాలనిపిస్తుంది, తీయకండి, చదివేవారు మొదట వెతికేది దాన్నే. సెర్న్ వేసవి విద్యార్థుల కార్యక్రమానికి కూడా ఇదే కాగితం పనికొస్తుంది. అది 8 నుంచి 13 వారాలు సాగుతుంది, సభ్యత్వం లేని దేశాల విద్యార్థులకూ చోటుంది. మూడు వారాల్లో గైడు నుంచి జవాబు రాకపోతే, ఈలోగా ఆ సరిపోలనిదాన్ని ఎంతవరకు తేల్చారో ఒక కొత్త గ్రాఫ్‌తో మళ్లీ రాయండి.